సర్వరు అద్దె ఒకటే, నెల బిల్లు మాత్రం వేరు

0.096. 0.096. 0.0971. అమెరికాలో రెండు వర్చువల్ సీపీయూలు, 8 జీబీ మెమరీ ఉన్న సర్వరును గంటసేపు అద్దెకు తీసుకుంటే మూడు పెద్ద క్లౌడ్ కంపెనీలు అడిగే ధర, డాలర్లలో. మొదటిది అమెజాన్ వెబ్ సర్వీసెస్ వర్జీనియా కేంద్రంలోని ఎం5 లార్జ్. రెండోది మైక్రోసాఫ్ట్ అజూర్ డీ2ఎస్ వీ5. మూడోది గూగుల్ క్లౌడ్ ఎన్2 స్టాండర్డ్ 2. నెలకు 730 గంటల లెక్కన చూస్తే చవకైనదానికీ ఖరీదైనదానికీ మధ్య తేడా 80 సెంట్లు. డాలరు 90 రూపాయలనుకుంటే 72 రూపాయలు. (ఈ కథనంలో రూపాయల లెక్కలన్నీ ఇదే మారకం మీద వేసినవి. ధరలన్నీ కంపెనీలు బయటికి ప్రకటించే జాబితా ధరలు. బేరమాడే పెద్ద సంస్థలు కట్టేది వేరు.)

మరి ఏ క్లౌడ్ చవక అని అడిగినవాళ్లకు ఏం చెప్పాలి? ఈ మూడు అంకెలు చూసి ‘అన్నీ ఒకటే’ అనేయవచ్చు. అలా అనేసి ఏదో ఒకటి ఎంచుకున్న చిన్న కంపెనీలు మూడో నెల బిల్లు చూసి తల పట్టుకుంటాయి. ఎందుకంటే సర్వరు అద్దె అందరి కంటికీ కనిపించే ధర. ఎవరు పోల్చినా ముందు దాన్నే పోలుస్తారు కాబట్టి కంపెనీలూ దాన్ని ఒకదాని పక్కన ఒకటి ఉండేలా పెట్టుకున్నాయి. పోల్చనివి వేరే ఉన్నాయి. బిల్లు పెరిగేది అక్కడే.

ముందు ఈ ‘వర్చువల్ సీపీయూ’ సంగతి. ఇంటెల్ చిప్ మీద నడిచే ఎం5లోనైనా ఎన్2లోనైనా ఒక వర్చువల్ సీపీయూ అంటే పూర్తి కోర్ కాదు, అందులో ఒక థ్రెడ్. అంటే రెండు వర్చువల్ సీపీయూలు కలిస్తే ఒక కోర్. అమెజాన్ సొంతంగా చేసుకున్న ఆర్మ్ రకం గ్రావిటాన్ చిప్‌లలో మాత్రం ఒక్కో వర్చువల్ సీపీయూ ఒక్కో పూర్తి కోర్. గ్రావిటాన్ మీద నడిచే ఎం6జీ లార్జ్, అదే 8 జీబీ మెమరీతో, గంటకు 0.077 డాలర్లు. ఇరవై శాతం తక్కువ ధరకు రెండు పూర్తి కోర్‌లు. సాఫ్ట్‌వేర్ ఆర్మ్ చిప్ మీద నడిచేదైతే దీన్ని వదులుకోవడానికి కారణం కనిపించదు. నడవనిదైతే పైన చెప్పిన మూడు ధరల దగ్గరే ఆగాలి.

తగ్గింపుల్లో మూడు దారులు

జాబితా ధర మీద తగ్గింపు ఇచ్చే పద్ధతిలో ఒక్కో కంపెనీ తీరు ఒక్కోలా ఉంటుంది. గూగుల్‌ది ఇందులో కాస్త ఉదారమైన అలవాటు. ఎన్2 సర్వరును నెలంతా ఆపకుండా నడిపితే, ఎవరినీ ఏమీ అడగక్కర్లేకుండానే బిల్లులో 20 శాతం వరకు తగ్గుతుంది. పాత ఎన్1 రకానికి 30 శాతం దాకా. అంటే నెలకు 70.88 డాలర్ల ఎన్2 సర్వరు 56.71కి వస్తుంది. అమెజాన్, అజూర్‌లలో ఊరికే వచ్చేది ఏమీ లేదు. ఏడాదికో మూడేళ్లకో వాడతానని మాట ఇవ్వాలి. అలా ఇస్తే 72 శాతం దాకా తగ్గిస్తామని రెండూ ప్రకటిస్తాయి. ఆ ‘దాకా’ అన్న మాట మూడేళ్ల ఒప్పందానికి, కొన్ని రకాల సర్వర్లకు మాత్రమే చెల్లుతుంది. గూగుల్‌లో మాట ఇచ్చినవాళ్లకు చాలా రకాల మీద గరిష్ఠం 57 శాతం.

మిగిలిపోయిన సర్వర్లను చవగ్గా ఇచ్చే ‘స్పాట్’ పద్ధతి మూడింటిలోనూ ఉంది, 90 శాతం వరకు తగ్గింపుతో. షరతు ఏమిటంటే, పూర్తి ధర కట్టేవాళ్లు వస్తే మన దగ్గరి సర్వరును లాక్కుంటారు. లాక్కునే ముందు అమెజాన్ రెండు నిమిషాల గడువిస్తుంది. అజూర్, గూగుల్ 30 సెకన్లే. రాత్రిపూట రిపోర్టులు తయారు చేసే పనికి 30 సెకన్లు చాలు. పరీక్ష రాస్తున్న విద్యార్థి జవాబులను భద్రపరచడానికి చాలవు. ధరల పట్టికల్లో ఈ తేడా ఎక్కడా కనిపించదు.

వెయ్యి మంది విద్యార్థుల లెక్క

ఇప్పుడు అసలు విషయం. విజయవాడలో ఒక కోచింగ్ సంస్థ ఉందనుకుందాం. క్లాసుల వీడియోలన్నీ కలిపి 2 టీబీ. వెయ్యి మంది విద్యార్థులు ఫోన్లలో రోజుకు 40 నిమిషాల చొప్పున చూస్తారు. నెలకు ఒక్కొక్కరు 20 గంటలు, మొత్తం 20 వేల గంటలు. 480పీ నాణ్యతలో గంట వీడియోకు దాదాపు 500 ఎంబీ పోతుంది. అంటే నెలకు 10 వేల జీబీ, సుమారు 10 టీబీ, క్లౌడ్ నుంచి బయటికి వెళ్తుంది.

దీన్ని అమెజాన్ ముంబై కేంద్రంలో పెడితే జాబితా ధర ప్రకారం బిల్లు ఇలా వస్తుంది. ముంబైలో ఎం5 లార్జ్ గంటకు 0.101 డాలర్లు. రెండు సర్వర్లకు నెలకు 147 డాలర్లు. వీడియోలు దాచడానికి జీబీకి నెలకు 2.5 సెంట్ల చొప్పున 50 డాలర్లు. రెండు పబ్లిక్ ఐపీ చిరునామాలకు 7.30 డాలర్లు. (2024 ఫిబ్రవరికి ముందు వాడుకలో ఉన్న చిరునామాకు డబ్బు తీసుకునేవారు కాదు. ఇప్పుడు గంటకు అర సెంటు.) ఇంతవరకూ కలిపి 205 డాలర్లు. ఇక వీడియోలు బయటికి వెళ్లినందుకు, మొదటి 100 జీబీ ఉచితం పోగా మిగతా 9,900 జీబీకి 10.93 సెంట్ల చొప్పున 1,082 డాలర్లు.

మొత్తం 1,287 డాలర్లు. అందులో 84 శాతం ఒక్క డేటా రవాణాకే. రూపాయల్లో లక్షా 16 వేలు, 18 శాతం జీఎస్టీ కలిపితే లక్షా 37 వేలు. విద్యార్థికి రవాణా ఖర్చు ఒక్కటే నెలకు 97 రూపాయలు. ఇంకా డేటాబేస్ కలపలేదు.

ఇప్పుడు ఎవరో సలహాదారు వచ్చి సర్వర్ల ధరలో 20 శాతం ఆదా చేయిస్తానంటే ఎంత మిగులుతుంది? 29 డాలర్లు. మొత్తం బిల్లులో 2.3 శాతం. కష్టపడాల్సిన చోటు అది కాదు. అద్దె తక్కువ చెప్పి, మెయింటెనెన్స్ పేరుతో ప్రతి నెలా దానికి అయిదింతలు వసూలు చేసే అపార్ట్‌మెంట్ లాంటిది ఈ వ్యవహారం.

లోపలికి వచ్చే డేటాకు మూడు కంపెనీలూ పైసా తీసుకోవు. బయటికి వెళ్లేదానికే ధర. ఇంటర్నెట్‌కు పంపే డేటాకు మూడింటి మొదటి మెట్టు ధరా చాలా ప్రాంతాల్లో జీబీకి 8 నుంచి 12 సెంట్ల మధ్యే ఉంటుంది. అందుకే ముగ్గురిలో ఒకరి నుంచి మరొకరికి మారినా ఈ కోచింగ్ సంస్థ బిల్లు పెద్దగా తగ్గదు. తగ్గాలంటే ఈ ముగ్గురి బయటికి చూడాలి.

ఒరాకిల్ క్లౌడ్‌లో నెలకు మొదటి 10 టీబీ రవాణా ఉచితం. మన కోచింగ్ సంస్థ వాడకం దాదాపు అంతే. అంటే ఆ 1,082 డాలర్ల పద్దు మాయమవుతుంది. ఒరాకిల్‌కు ముంబైలో, హైదరాబాద్‌లో కేంద్రాలున్నాయి కూడా. విద్యార్థులు హెచ్‌డీకి మారి వాడకం 30 టీబీ అయిందనుకుందాం. అమెజాన్‌లో 10 టీబీ దాటాక రేటు 8.5 సెంట్లకు దిగుతుంది కాబట్టి రవాణా బిల్లు సుమారు 2,780 డాలర్లు. ఒరాకిల్ ఆసియా ధర 2.5 సెంట్లు కాబట్టి పైన ఉన్న 20 టీబీకి 500 డాలర్లు.

క్లౌడ్‌ఫ్లేర్ ఆర్2 లెక్క ఇంకా వింతగా ఉంటుంది. అక్కడ దాచడానికి జీబీకి నెలకు 1.5 సెంట్లు, బయటికి పంపడానికి సున్నా. చదివిన ప్రతిసారీ మాత్రం లెక్కపెడతారు, పది లక్షల రీడ్‌లకు 36 సెంట్లు. వీడియోను ఆరేసి సెకన్ల ముక్కలుగా పంపితే 20 వేల గంటలకు కోటీ 20 లక్షల రీడ్‌లు. నెలకు మొదటి కోటి ఉచితం. మిగిలిన 20 లక్షలకు డాలరు కూడా పడదు. దాచడానికి 30 డాలర్లు, చదవడానికి డాలరు లోపు. అమెజాన్‌లో 1,132 డాలర్లు అయ్యే పని ఇక్కడ 31 డాలర్లకు అవుతుంది. సర్వర్లు అమెజాన్‌లోనే ఉంచుకుని వీడియోలు మాత్రం ఇక్కడికి మారిస్తే మొత్తం బిల్లు 185 డాలర్ల చుట్టూ ఉంటుంది.

‘మరి అందరూ ఎందుకు మారడం లేదు?’ అన్నది న్యాయమైన ప్రశ్న. చాలా సంస్థల బిల్లులో రవాణా వాటా ఇంత ఉండదు. జీతాల సాఫ్ట్‌వేరు, బిల్లింగ్ సాఫ్ట్‌వేరు నడిపేవాళ్లు బయటికి పంపేది నెలకు 100 జీబీ కూడా దాటకపోవచ్చు, వాళ్లకిది ఉచితంలోనే పోతుంది. ఇంకోటి, పనిచేసే మనుషులు. హైదరాబాద్ అమీర్‌పేటలో ఏ గోడ మీద చూసినా అమెజాన్, అజూర్ కోర్సుల బ్యానర్లే. ఒరాకిల్ క్లౌడ్ తెలిసిన ఇంజినీరును వెతికి తేవడం అంత తేలిక కాదు. నెలకు వెయ్యి డాలర్లు ఆదా చేయడానికి అంతకన్నా ఎక్కువ జీతంతో ఒక మనిషిని పెట్టుకుంటే లెక్క తలకిందులవుతుంది.

రవాణా లాగే, పోలికల్లో ఎవరూ చూడని చిన్న చిన్న పద్దులు కూడా బిల్లులో తగులుతాయి. ఒకే ప్రాంతంలోని రెండు జోన్ల (విడివిడి డేటా సెంటర్ల సముదాయాల) మధ్య డేటా కదిలినా అమెజాన్ జీబీకి అటు ఒక సెంటు, ఇటు ఒక సెంటు తీసుకుంటుంది. అజూర్ తీసుకోదు. లోపలి సర్వర్లు ఇంటర్నెట్‌ను చూడటానికి వాడే నాట్ గేట్‌వేకు వర్జీనియాలో గంటకు 4.5 సెంట్లు, అంటే ఏ పనీ చేయకపోయినా నెలకు 33 డాలర్లు. దాని గుండా వెళ్లే ప్రతి జీబీకీ మరో 4.5 సెంట్లు. కంటైనర్లను నడిపించే కుబర్నెటిస్ క్లస్టర్‌కు అమెజాన్ గంటకు 10 సెంట్లు తీసుకుంటుంది. పాత వెర్షన్‌ను మార్చకుండా వదిలేసి పొడిగించిన సపోర్టులోకి జారితే అదే 60 సెంట్లు. నెలకు 73 డాలర్లు ఉండాల్సింది 438 అవుతుంది. అజూర్‌లో ప్రాథమిక స్థాయి క్లస్టర్ నిర్వహణ ఉచితం, కాకపోతే దానికి హామీ ఉండదు. గూగుల్ 10 సెంట్లు తీసుకుంటూనే ఒక క్లస్టర్‌కు సరిపడా నెలకు 74.40 డాలర్ల క్రెడిట్ వెనక్కి ఇస్తుంది.

ఎందుకు తగ్గవు ఈ ధరలు

2006 మార్చి 14న అమెజాన్ ఎస్3 మొదలైనప్పుడు జీబీ దాచడానికి నెలకు 15 సెంట్లు. పదేళ్లలో అది తగ్గుతూ తగ్గుతూ 2016 డిసెంబరుకు వర్జీనియాలో 2.3 సెంట్లకు వచ్చింది. అప్పటి నుంచి మామూలు తరగతి ధర అక్కడే ఉంది. రవాణా ధర 2014 చివర్లో 12 నుంచి 9 సెంట్లకు దిగి అక్కడే నిలిచింది. ఈలోగా డిస్కులూ చవకయ్యాయి, నెట్‌వర్కు సామర్థ్యమూ పెరిగింది. ఆ లాభం ఎక్కడికి పోయిందో అమెజాన్ ఖాతాలు చూస్తే తెలుస్తుంది. 2024లో అమెజాన్ మొత్తం అమ్మకాలు 63,800 కోట్ల డాలర్లు. అందులో క్లౌడ్ వాటా 10,760 కోట్లు, అంటే 17 శాతం. నిర్వహణ లాభం 6,860 కోట్ల డాలర్లలో క్లౌడ్ తెచ్చినది 3,980 కోట్లు, 58 శాతం. మన ఇంటి గుమ్మం దగ్గరికి పార్సిల్ తెచ్చే కంపెనీకి సగానికి పైగా లాభం పార్సిల్ నుంచి రావడం లేదు.

మిగతా ఇద్దరి లెక్కలను దీని పక్కన పెట్టేటప్పుడు కాస్త జాగ్రత్త కావాలి. గూగుల్ క్లౌడ్ 2024 ఆదాయం 4,320 కోట్ల డాలర్లు. అందులో ఆఫీసులు వాడే జీమెయిల్, డాక్స్ చందాలు కూడా కలిసే ఉన్నాయి. మైక్రోసాఫ్ట్ ఏళ్ల తరబడి అజూర్ ఆదాయాన్ని విడిగా చెప్పనే లేదు, ఎంత శాతం పెరిగిందో మాత్రం చెప్పేది. 2025 జూన్‌తో ముగిసిన ఏడాదికి 7,500 కోట్ల డాలర్లు దాటిందని మొదటిసారి ప్రకటించింది. 

దాచడం చవక, తీయడం కాదు

ఎప్పుడో తప్ప ముట్టుకోని డేటాకు మూడు కంపెనీలూ చౌక తరగతి పెట్టాయి. పాత ఎక్స్‌రేలు, సీసీటీవీ ఫుటేజీ, ఆడిట్ రికార్డులు ఇక్కడికి చేరతాయి. పైకి చూస్తే ధరలు నమ్మలేనంత తక్కువ. అమెరికా ధరల్లో అమెజాన్ డీప్ ఆర్కైవ్ జీబీకి నెలకు 0.00099 డాలర్లు. గూగుల్ ఆర్కైవ్ 0.0012. పది టీబీకి ఒకటి 9.90 డాలర్లు, మరొకటి 12 డాలర్లు.

కానీ ఇవి ఒకే సరుకు కాదు. అమెజాన్‌లో డేటా కావాలని అడిగితే 12 గంటలు ఆగాలి. చవక మార్గంలో అడిగితే 48 గంటలు. అజూర్ ఆర్కైవ్‌లో 15 గంటల దాకా పడుతుంది. గూగుల్‌లో అడిగిన వెంటనే, మిల్లీసెకన్లలో వస్తుంది. దానికి బదులుగా గూగుల్ తీసినందుకు జీబీకి 5 సెంట్లు వసూలు చేస్తుంది. పది టీబీ తీస్తే 500 డాలర్లు. అమెజాన్‌లో అదే పనికి మామూలుగా 200, రెండు రోజులు ఓపిక పడితే 25 డాలర్లు. కనీసం ఎన్నాళ్లు ఉంచాలన్నదీ తేడానే. అమెజాన్, అజూర్‌లలో 180 రోజులు, గూగుల్‌లో 365. ముందే చెరిపేసినా ఆ గడువుకు డబ్బు కట్టాల్సిందే.

డీప్ ఆర్కైవ్‌లో 10 టీబీ ఏడాది పాటు ఉంచితే 119 డాలర్లు. ఒక్కసారి దాన్నంతా తెచ్చి మన ఆఫీసు డిస్కులో పెట్టుకోవాలంటే తీయడానికి 25, ఇంటర్నెట్ మీదుగా పంపినందుకు 891. ఏడేళ్ల పైచిలుకు అద్దె ఒక్క రోజులో కట్టినట్టు.

మామూలు తరగతి నిల్వలో కూడా పోలిక తప్పే చోటు ఒకటుంది. అజూర్‌లో అతి చవక ధర ‘ఎల్‌ఆర్‌ఎస్’ రకానిది. అందులో మూడు కాపీలూ ఒకే డేటా సెంటర్‌లో ఉంటాయి. అమెజాన్ ఎస్3 స్టాండర్డ్ కనీసం మూడు వేర్వేరు జోన్లలో పంచి ఉంచుతుంది. ఈ రెండు ధరలను పక్కపక్కన పెట్టి అజూర్ చవక అని రాసే పట్టికలు చాలా తిరుగుతుంటాయి. ఎస్3తో పోల్చాల్సింది అజూర్ జోన్లలో పంచి ఉంచే ‘జడ్‌ఆర్‌ఎస్’ రకాన్ని.

తొమ్మిదుల లెక్క

క్లౌడ్ కంపెనీలు హామీలను తొమ్మిదుల్లో చెబుతాయి. 30 రోజుల నెలలో 43,200 నిమిషాలుంటాయి. 99.9 శాతం అంటే నెలకు 43 నిమిషాలు పనిచేయకపోయినా హామీ నిలబడినట్టే. 99.99 అంటే నాలుగు నిమిషాల పైచిలుకు. 99.5 అంటే మూడు గంటల 36 నిమిషాలు.

ఒంటి సర్వరుకు అమెజాన్ ఇచ్చే హామీ ఆ 99.5 మాత్రమే. అజూర్ మంచి రకం డిస్కుతో 99.9 ఇస్తుంది, గూగుల్ కూడా చాలా రకాలకు 99.9. కనీసం రెండు జోన్లలో సర్వర్లు పెట్టుకున్నవాళ్లకు ముగ్గురూ 99.99 అంటారు. కాగితం మీద చూస్తే ఒంటి సర్వరు దగ్గర అమెజాన్ వెనకబడినట్టే. అయితే హామీ తప్పితే ఏం ఇస్తారన్నది చూడాలి. 70 డాలర్ల సర్వరు నెలలో పది గంటలు ఆగిపోయిందనుకోండి. లభ్యత 98.6 శాతానికి పడింది. అమెజాన్ నిబంధన ప్రకారం 30 శాతం క్రెడిట్, అంటే 21 డాలర్లు, 1,890 రూపాయలు. అది కూడా డబ్బుగా కాదు, తర్వాతి బిల్లులో తగ్గింపుగా. తనంతట తాను రాదు, గడువులోగా ఆధారాలతో అడగాలి. ఆ పది గంటల్లో పోయిన ఫీజులు, పోయిన విద్యార్థుల సంగతి ఆ కాగితంలో ఉండదు. నడుస్తున్న సర్వరుకు బయటి నెట్‌వర్క్‌తో సంబంధం తెగితేనే అది ఆగిపోయినట్టు లెక్క. కొత్త సర్వరు పుట్టించబోతే పుట్టకపోవడం ఆ నిర్వచనంలోకి రాదు.

ఎవరిది ఎక్కువ నమ్మకమైనది అన్న వాదనకు 2025 ఒక్క ఏడాదే జవాబు చెప్పింది. జూన్ 12న గూగుల్ క్లౌడ్ పడిపోయింది. కొన్ని ఖాళీ గడులున్న ఒక పాలసీ ఎంట్రీని లోపలి సాఫ్ట్‌వేర్ తట్టుకోలేకపోయింది. అక్టోబరు 20న వర్జీనియాలో అమెజాన్ డైనమోడీబీ డేటాబేస్ సేవ చిరునామా రికార్డు ఖాళీ అయిపోయి, పూర్తిగా కోలుకోవడానికి 15 గంటలు పట్టింది. తొమ్మిది రోజులకే, అక్టోబరు 29న, ఒక తప్పు కాన్ఫిగరేషన్ మార్పుతో, వెబ్ ట్రాఫిక్‌ను చేరవేసే అజూర్ ఫ్రంట్ డోర్ వంతు వచ్చింది. 2017 ఫిబ్రవరి 28న ఎస్3 నాలుగు గంటలు పడిపోయినప్పుడైతే, పడిపోయిందని ఎర్రదీపం చూపాల్సిన అమెజాన్ స్టేటస్ పేజీ కూడా ఎస్3 మీదే ఆధారపడి ఉండటంతో అది చాలాసేపు పచ్చగానే వెలిగింది.

డేటా పోకుండా ఉండటానికి ఇచ్చే తొమ్మిదులు ఇంకా పొడుగు. అమెజాన్, గూగుల్ పదకొండు తొమ్మిదులు చెబుతాయి. కోటి ఫైళ్లు దాస్తే సగటున పది వేల ఏళ్లకు ఒక్కటి పోవచ్చని అమెజాన్ వివరణ. అజూర్ వేరే ప్రాంతంలో కాపీ ఉంచే రకానికి పదహారు తొమ్మిదులు అంటుంది. పదకొండుకూ పదహారుకూ మధ్య తేడాతో కొనే నిర్ణయం తీసుకోవడం నా దృష్టిలో వృథా. డిస్కులు చెడిపోయి డేటా పోవడం కాదు ఇక్కడ భయం, ఎవరో చెరిపేస్తే పోవడం.

2024 మేలో ఆస్ట్రేలియాలోని యూనిసూపర్ అనే పెన్షన్ ఫండ్‌కు జరిగింది అదే. ఆరు లక్షలకు పైగా సభ్యులు, సుమారు 12,500 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల నిధి. గూగుల్ వైపు ఆ సంస్థ ప్రైవేటు క్లౌడ్‌ను ఏర్పాటు చేసినప్పుడు ఒక గడి ఖాళీగా వదిలేశారు. దాంతో సిస్టమ్ దానికి ఏడాది గడువు పెట్టేసుకుంది. ఏడాది నిండగానే దానంతట అదే చెరిపేసింది. సభ్యులు వారం రోజుల పాటు తమ ఖాతాలు చూసుకోలేకపోయారు. యూనిసూపర్ మరో కంపెనీ దగ్గర కూడా బ్యాకప్‌లు ఉంచుకుంది కాబట్టి తిరిగి నిలబడటం తేలికైంది. రెండో చోట దాచడానికి అయ్యే ఖర్చును ‘అనవసరం’ అని బడ్జెట్‌లో కొట్టేసే ఫైనాన్స్ మేనేజర్లకు ఈ ఉదంతం చూపించాలి.

మన దగ్గర ఎక్కడెక్కడ

అజూర్ 2015లో పుణె, చెన్నై, ముంబైలతో భారత్‌లోకి వచ్చింది. అమెజాన్ 2016లో ముంబైలో, 2022 నవంబరులో హైదరాబాద్‌లో తెరిచింది. గూగుల్ 2017లో ముంబై, 2021లో ఢిల్లీ. దీన్ని చూసి అజూర్ మూడు కేంద్రాలు మిగతావాళ్ల రెండేసి కన్నా ఎక్కువ అనుకుంటే పొరపాటే. అమెజాన్ రెండు కేంద్రాల్లోనూ, గూగుల్ రెండింటిలోనూ మూడేసి జోన్లున్నాయి. అజూర్‌లో పుణె కేంద్రానికే జోన్లు. చెన్నై, ముంబైలలో ఆ ఏర్పాటు లేదు. కాబట్టి పైన చెప్పిన 99.99 హామీ అక్కడ జోన్ల దారిలో దొరకదు. కొత్త కేంద్రాలతో మరో చిక్కు, అన్ని సేవలూ మొదటి రోజే రావు. హైదరాబాద్ ఎంచుకునే ముందు మనకు కావాల్సిన సర్వర్ రకం, డేటాబేస్ అక్కడ ఉన్నాయో లేదో చూసుకోవాలి.

దూరం కూడా ఒక లెక్కే. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. అంటే ప్రతి 100 కిలోమీటర్ల దూరానికి పోయి రావడానికి ఒక మిల్లీసెకను. హైదరాబాద్ నుంచి ముంబై 600 కిలోమీటర్ల పైమాట, ఆరు మిల్లీసెకన్లు. వర్జీనియా 13 వేల కిలోమీటర్లు, కనీసం 130. తీగలు వంకర్లు తిరిగి వెళ్తాయి కాబట్టి నిజానికి ఇంకా ఎక్కువ. వర్జీనియాలో సర్వరు ముంబై కన్నా అయిదు శాతం చవక అని అక్కడ పెట్టి, తెలుగు విద్యార్థుల చేత ప్రతి క్లిక్‌కూ అంతసేపు ఎదురుచూపించడం లాభసాటి బేరం కాదు.

హైదరాబాద్‌లో డేటా సెంటర్ల కోసం 2022లో మైక్రోసాఫ్ట్ 15 ఏళ్లలో 15 వేల కోట్ల రూపాయలు పెడతామంది. అమెజాన్ 2030 కల్లా 36,300 కోట్లని ప్రకటించి, 2025 జనవరిలో తెలంగాణలో మరో 60 వేల కోట్లంది. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖపట్నంలో అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్ల ఏఐ కేంద్రాన్ని ప్రకటించింది. ఇవి పెట్టుబడి అంకెలు. కోచింగ్ సంస్థకు వచ్చే బిల్లు వీటివల్ల తగ్గుతుందని ఎవరూ అనలేదు.

వదిలి వెళ్లాలంటే

యూరప్‌లో డేటా చట్టం 2025 సెప్టెంబరు 12 నుంచి అమల్లోకి వచ్చింది. 2027 జనవరి 12 నుంచి అక్కడ క్లౌడ్ మారేవాళ్ల నుంచి మార్పిడి రుసుములు తీసుకోకూడదు. దాన్ని ముందే పసిగట్టి 2024 జనవరిలో గూగుల్, మార్చిలో అమెజాన్, అజూర్ ‘వెళ్లిపోయేవాళ్లకు రవాణా ఖర్చు మాఫీ’ అన్నాయి. ముందుగా అడగాలి, దాదాపు 60 రోజుల్లో ఖాళీ చేయాలి. గూగుల్, అజూర్‌లలో ఖాతా మూసేయాలి. అమెజాన్ మూసేయమని పట్టుబట్టదు. కాబట్టి మన కోచింగ్ సంస్థ 2 టీబీ వీడియోలను తీసుకెళ్లడం ఈ రోజు సమస్య కాదు. పోస్ట్‌గ్రెస్ లాంటి డేటాబేస్ వాడి ఉంటే అదీ ఎక్కడికైనా వస్తుంది. డైనమోడీబీ, కాస్మోస్ డీబీ, బిగ్‌క్వెరీల చుట్టూ కోడ్ రాసుకున్నవాళ్లకే కష్టం. అవి ఆయా కంపెనీల దగ్గరే దొరుకుతాయి.

ముగ్గురి బిల్లూ ప్రత్యక్షంగా చూడాలనుకుంటే ఉచిత క్రెడిట్లతో చూడవచ్చు. అమెజాన్ కొత్త ఖాతాకు ఆరు నెలల గడువుతో 200 డాలర్ల దాకా, గూగుల్ 90 రోజులకు 300, అజూర్ 30 రోజులకు 200 డాలర్లు ఇస్తాయి. నిజమైన బిల్లు తెలియాలంటే కనీసం ఒక నెల నిజమైన వాడకం నడవాలి. అజూర్ గడువు సరిగ్గా నెలే కాబట్టి, మిగతా రెండింటిలో యాప్ నిలదొక్కుకున్నాక దాన్ని చివర్లో తెరవాలి. తెరిచిన రోజే మూడింటిలోనూ బడ్జెట్ అలర్టు పెట్టుకోవాలి. అలర్టు ఈమెయిల్ పంపుతుందే తప్ప సర్వరును ఆపదు. ఆ ఈమెయిల్ రోజూ చూసే మనిషి చిరునామాకే వెళ్లేలా చూసుకోవాలి.